నాలుగు నిమిషాల ముందు

మరమ్మతు పని చేసేవాళ్ళకు అన్నం పెట్టేది అనుమానమే. టీవీ మోసుకొచ్చినవాడు "మేమేం చెయ్యలేదమ్మా, దానంతటదే ఆగిపోయింది" అంటాడు. వెనక మూత విప్పితే లోపల కాఫీ మరకలు, చచ్చిన బొద్దింక. పద్దెనిమిదేళ్ళుగా మా ఊరు నాబుల్ బజారులో బల్ల ముందు కూర్చుని నేను నేర్చుకున్నది ఒక్కటే: మనిషి మాట నమ్మకు, బోర్డు మాట నమ్ము. దుకాణంలో ఈ బుద్ధి బాగానే అక్కరకొచ్చింది. ఆ రంజాన్‌లో మాత్రం దాన్ని ఇంటికి కూడా మోసుకెళ్ళాను.

ఆ ఏడు రంజాన్ జూన్‌లో పడింది. పదహారున్నర గంటల ఉపవాసం, ఆకు కదలని ఎండ. మా నాన్న షాద్లీ మా వీధి మసీదులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మౌజన్, నమాజుకు పిలుపిచ్చేవాడు. పూర్వం మేడ మీదికెక్కి, పొద్దు కుంకడం కళ్ళారా చూసి అజాన్ ఇచ్చేవాడు. రెండు నెలల కిందట మసీదు కమిటీ పెద్ద లస్సాద్, చనిపోయిన వాళ్ళమ్మ పేరు చెక్కించిన ఇత్తడి పలకతో ఎర్రంకెల గడియారం ఒకటి తెచ్చి గోడకు పెట్టాడు. "ఇక మేడలెక్కే పని లేదన్నా, అంకె చూడు, అజాన్ ఇవ్వు" అన్నాడు. నాన్న సరేనన్నాడు.

ఎనిమిదో రోజు, సోమవారం సాయంత్రం. అమ్మ బాణలిలో గుడ్డు పెట్టి మడిచిన బ్రీకులు వేయిస్తోంది. నేను షోర్బా గిన్నెల్లోకి పోశాను. మైకులో నాన్న గొంతు లేచింది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. అమ్మ గటగటా గ్లాసు నీళ్ళు తాగింది. గోడ అవతల జకియా వాళ్ళింట్లో చెంచాల చప్పుడు మొదలైంది. షోర్బా సగం గిన్నె అయ్యాక, అప్పుడు, పెద్ద మసీదు నుంచి అజాన్ వినపడింది. దాని వెనకే ఊళ్ళోని మిగతా మసీదులన్నీ అందుకున్నాయి.

చెంచాల చప్పుడు టక్కున ఆగిపోయింది. ఇరవై ఏడు ఇళ్ళ వీధి నోట్లో ముద్ద పెట్టుకుని మింగలేక కక్కలేక కూర్చుంది. పొద్దు కుంకక ముందు నీటిచుక్క గొంతు దిగినా ఆ రోజు ఉపవాసం చెల్లదు. పండగ వెళ్ళాక ఇంకో రోజు ఉండి తీర్చుకోవాలి. పదహారున్నర గంటలు కడుపు కట్టుకున్నదంతా నాలుగు నిమిషాల్లో బూడిదలో పోసినట్టయింది.

గోడ మీదుగా జకియా తల లేచింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏమే దలెందా, మీ నాన్నకు అంత తొందరేం వచ్చిందే? తను రోజా ఉంటే కదా మన ఆకలి విలువ తెలిసేది!"

నాన్నకు షుగరు. డాక్టరు వద్దన్నాక రెండేళ్ళుగా రోజా ఉపవాసం మానేసి, రోజుకొక పేదవాడికి అన్నం పెడుతున్నాడు. ఆ మానడమే ఆయనకు పెద్ద బాధ. ఆ మాట గోడ దాటి వచ్చేసరికి నాకు తలకొట్టేసినంత పనైంది.

"నోరు అదుపులో పెట్టుకో జకియా" అంది అమ్మ.

నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూలబడ్డాడు. "ఏడూ ముప్ఫై ఎనిమిది. ఈ కళ్ళతో చూశాను మన్నూబియా" అన్నాడు అమ్మతో.

వెనకాలే లస్సాద్ వచ్చాడు. అతనికి బజారు మొదట్లో రంగుల కొట్టు ఉంది. మనిషి మాట తేనె, చూపు తరాజు.

"అన్నా, నేనూ ఇంకో ఇద్దరూ వెళ్ళి చూశాం. గడియారం సెకను తేడా లేదు. తప్పు నీదని అనడం లేదు. షుగరు ముందు కళ్ళకే కదా ఎక్కేది! శుక్రవారం కమిటీలో మాట్లాడుకుందాం. అందాకా ఎందుకైనా మంచిది, పెద్ద మసీదు అజాన్ విన్నాకే నువ్వివ్వు. ఆ తర్వాత మా మేనల్లుడున్నాడు, గొంతు బాగుంటుంది, ఖాళీగానే ఉన్నాడు."

అతను వెళ్ళాక నాన్న క్యాలెండర్ ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి చదువుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన తనను తాను అనుమానించుకోవడం నేను చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాడేదో చేశాడు నాన్నా. మేనల్లుణ్ణి ఎక్కించడానికి నిన్ను దింపుతున్నాడు."

"పరాయివాణ్ణి ఆడిపోసుకోకు. రంజాన్ నెల" అన్నాడు నాన్న.

అమ్మ లెక్క వేరు. "చేతబడో దిష్టో నాకు తెలీదు కానీ, ఆ గడియారం గోడెక్కిన రోజే మీ నాన్న మీద ఎవరి కన్నో పడింది" అంటూ నారింజపూల నీళ్ళ సీసాలో గుప్పెడు కల్లుప్పు వేసి గిలకరించి గడప మీద చల్లింది. మా నాబుల్‌లో ఏప్రిల్ వస్తే ప్రతి ఇంట్లోనూ ఆ పూలు కాచి నీళ్ళు దించుతారు. మిఠాయిలోకైనా, తలనొప్పికైనా, చావింట్లోకైనా అవే. ఉప్పు కలపడం మాత్రం అమ్మ సొంత వైద్యం.

నాన్న కసిరాడు. "దేవుడి పేరు పలికే ఇంట్లో ఈ ఉప్పు మంత్రాలేంటి? ఎన్నిసార్లు చెప్పాను?"

అమ్మ సీసా కొంగులో దాచుకుని లోపలికెళ్ళింది.

మర్నాడు ఫోనులో టైము సరిచూసుకుని మధ్యాహ్నం నమాజుకు ఆడవాళ్ళ వైపు వెళ్ళి కూర్చున్నాను. తెర సందులోంచి చూస్తే గడియారం కచ్చితంగా ఉంది. మళ్ళీ సాయంత్రం అసర్‌ నమాజుకు వెళ్ళాను. రెండు నిమిషాలు ముందుంది! బుధవారం మధ్యాహ్నానికి మళ్ళీ సరిగ్గా ఉంది. పరుగెత్తిన గడియారం తనంతట తాను వెనక్కి రాదు. ఎవరో పట్టి వెనక్కి లాగుతున్నారు.

అందుకని ఆ రోజు అసర్‌కు గంట ముందే వెళ్ళి తెర వెనక నక్కాను. ఎండ వేళ, మసీదులో పిట్ట లేదు. తలుపు కిర్రుమంది. లస్సాద్ చెప్పులు చేతిలో పట్టుకుని పిల్లిలా వచ్చి, జేబులోంచి రిమోట్ తీసి గడియారానికి గురిపెట్టాడు.

తెర తొలగించాను. "ఏం చేస్తున్నావు బాబాయ్?"

అతను ఎగిరిపడ్డాడు. "ఎవరదీ... నువ్వా! ఏం చేస్తానూ, దుమ్ము పట్టిందేమోనని..."

"రిమోట్‌తో దులిపే దుమ్ము నేనెక్కడా చూడలేదే!"

"నేను ముందుకు జరపలేదు!" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. ముందుకు జరిపావని నేననలేదు.

"మరి సోమవారం సాయంత్రం?"

"ఆ రోజూ అది ముందుకు పోయే ఉంది. మిగతా ఇద్దరూ వచ్చేలోపు నేనే సరిచేశాను. అప్పట్నుంచి రోజుకు రెండుసార్లు వచ్చి సరిచేస్తున్నాను. మా అమ్మ సమాధి మీద ఒట్టు, అంతకుమించి పాపం ఎరగను." గొంతు తగ్గించాడు. "ఆవిడ పేరు మీద పెట్టింది అమ్మాయ్. చచ్చిపోయినావిడ గడియారం వీధి రోజాలు చెడగొట్టిందని రేపు నలుగురూ అంటే..."

"అనకూడదని బతికున్నాయన చెడగొట్టాడని అననిచ్చావా? మా నాన్న రోజూ క్యాలెండర్ ముందు నిలబడి కళ్ళు మూసి తెరుస్తున్నాడు, తెలుసా నీకు?"

అతను తల దించుకున్నాడు. నేను నమ్మలేదు. సగం నిజం ఒప్పుకుని సగం కడుపులో పెట్టుకునేవాళ్ళను నా బల్ల దగ్గర చాలామందిని చూశాను.

"రేపు దాన్ని దింపి నా దుకాణానికి తీసుకురా. విప్పి చూస్తాను."

"బాగుంది! మీ నాన్నను కాపాడుకోవడానికి నువ్వే ఏ తీగో తెంపి నా మీదికి నెడతావు."

"అయితే ఎదురుగా కూర్చో. నా చేతుల మీంచి కన్ను తియ్యకు."

గురువారం అసర్ తర్వాత గడియారాన్ని దుప్పట్లో చుట్టుకుని వచ్చాడు. బల్లకు అటువైపు స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను అతన్ని చూస్తున్నాను, అతను నన్ను చూస్తున్నాడు. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. ఇద్దరికీ నాలుక పిడచకట్టుకుపోతోంది.

మరలు విప్పి మూత తీశాను. ముందు వెతికింది అతని చెయ్యి. కొత్తగా అతికించిన తీగ ఉందా, ఎవరైనా కెలికిన సోల్డర్ టంకం మెరుస్తోందా అని బోర్డంతా గాలించాను. ఏమీ లేదు. కరెంటు పెట్టాను. మీటరు ఐదు వోల్టులు చూపించింది, అదీ సరిగ్గానే ఉంది. వేలితో ఒక్కొక్క భాగాన్నీ తాకుతూ పోయాను. టైము లెక్కపెట్టే చిన్న చిప్పు దగ్గర వేలు చుర్రుమంది. బియ్యపు గింజంత కరెంటు తాగి చల్లగా పడుండాల్సిన చిప్పు అది. దాని మీద బ్రష్షుతో స్పిరిట్ రాస్తే రెప్పపాటులో ఆవిరైపోయింది.

"ఇదిగో, ఇదే కాలుతోంది. వేడికి పిచ్చెక్కి సెకన్లు తప్పు లెక్కపెడుతోంది."

"మార్చెయ్" అన్నాడు.

మార్చాను. కొత్తది పెట్టి కరెంటు ఇచ్చిన ఐదు నిమిషాలకు అదీ కాలింది.

"నీ దగ్గర సరుకు కూడా కల్తీయేనన్నమాట" అన్నాడు లస్సాద్.

కొత్త చిప్పు కూడా కాలిందంటే పాపం చిప్పుది కాదు, దాన్ని కాలుస్తున్నది వేరే ఉంది. అతని దొంగతనం వెతకడంలో పడి, చిప్పు పక్కన బటన్ సెల్లు కిందికి చూడనేలేదు నేను. సెల్లు ఊడదీసి భూతద్దం పెట్టాను. కింద తెల్లగా పొక్కు కట్టి ఉంది. అది సన్నగా పాకుతూ చిప్పు కాళ్ళ దాకా వచ్చింది. కరెంటు తన దారి వదిలి, ఆ తెల్లటిదాని మీదుగా అడ్డదారిన చిప్పులోకి దూరుతోంది.

సూదిమొనతో గీరాను. కూర వండేటప్పుడు రుచి చూసి ఉమ్మేసే వెసులుబాటు రంజాన్‌లో ఆడవాళ్ళకు ఉంది. నాలుక చివర ఆనించి, రుమాల్లో ఉమ్మేశాను.

ఉప్పు.

అప్పుడు తగిలింది వాసన. వేడెక్కిన బోర్డులోంచి, సోల్డర్ పొగ కిందనుంచి, తియ్యగా, పలచగా నారింజపూల వాసన. మా అమ్మ కొంగు వాసన.

ప్రతి గురువారం పొద్దున బకెట్టూ గుడ్డా పట్టుకుని మసీదు తుడిచేది అమ్మే. ఆ రోజు పొద్దున కూడా వెళ్ళింది. నాన్న మీద పడ్డ కన్ను పోగొట్టడానికి రెండు నెలలుగా ఆ గడియారం చిల్లుల్లోకి చల్లుతూ వచ్చిందన్నమాట. గడియారం నాన్నను ఏమైనా చేస్తుందేమోనని భయపడి, అది నాన్నకు చేయగలిగిన కీడంతా తన చేత్తోనే చేసింది.

"ఏమిటది?" లస్సాద్ ముందుకు వంగాడు. ముక్కుపుటాలు కదిలాయి. "నారింజపూల వాసన రావట్లేదూ?"

"ఊరంతా వచ్చేదే కదా బాబాయ్ ఆ వాసన."

అతను నా వంక చూశాడు. గురువారాలు ఎవరు తుడుస్తారో, ఎవరి కొంగులో ఏ సీసా ఉంటుందో కమిటీ పెద్దకు తెలియకపోదు. వెళ్ళి నలుగురిలో అంటే చాలు. రిమోట్ సంగతి అందరూ మర్చిపోతారు. మౌజన్ పెళ్ళాం ఉప్పుమంత్రాలతో వీధి రోజాలు మంటగలిపిందన్న మాటే మిగులుతుంది. నాన్న ఇక ఆ మసీదు మెట్టెక్కడు. అమ్మ గడప దాటదు.

అతను బోర్డు మీది తెల్లటి పొక్కును వేలితో ఒకసారి తాకాడు.

"గోడ చెమ్మ కదూ?" అన్నాడు చివరికి.

"చెమ్మే."

"రేపు జుమా నమాజులో నేనే చెబుతాను. గడియారం తప్పిందని, నాకు తెలిసీ చెప్పలేదని." లేచి దుప్పటి దులిపాడు. "మా అమ్మ పలక మాత్రం తియ్యకు."

"తియ్యను బాబాయ్."

మూడు రోజులుగా ఆ మనిషిని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో నాకు తెలుసు. అతను వెళ్ళాక సిగ్గేసింది. స్పిరిట్ పోసి, పాత గుడ్డతో బోర్డును నాలుగుసార్లు కడిగాను. ఇంకో కొత్త చిప్పు పెట్టి గంటసేపు చూశాను. వేలు పెడితే చల్లగా ఉంది.

ఇంటికెళ్ళేసరికి నాన్న మేడ మీద పడమటికి తిరిగి కూర్చున్నాడు.

"గడియారమే తప్పు నాన్నా. నీ కళ్ళు బంగారం. రేపు లస్సాద్ బాబాయే అందరిలో చెబుతాడు."

ఆయన ముఖం వెలుగుతుందనుకున్నాను. "లోపల ఏముంది?" అని అడిగాడు.

"చెమ్మ."

"కడిగేశావా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు. "సోమవారం అందరూ వెళ్ళిపోయాక చూశాను. గడియారం కింద గోడ మీద తెల్లటి చారలున్నాయి. వాసన చూసి, నా రుమాలుతో తుడిచేశాను. ఉప్పు లోపలికి పోయిందో లేదో నాకు తెలీదు. కళ్ళది తప్పో, దానిది తప్పో తేలక చచ్చాను అనుకో. కానీ అడిగితే మీ అమ్మ పేరు బయటికి రావాలి కదా!"

"ఉద్యోగం పోయేది నాన్నా!"

"పోతే మేనల్లుడి గొంతు వినేవాణ్ణి. ఆవిడతో అనకు."

నేను ఊరంతటినీ అనుమానించాను. ఆయన మొదటి రోజే అసలు మనిషిని అనుమానించి, ఆ అనుమానాన్ని జేబురుమాల్లో మడిచి పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

శుక్రవారం లస్సాద్ మాట నిలబెట్టుకున్నాడు. వీధి సరేనంది. జకియా మిఠాయి పళ్ళెం పట్టుకుని వచ్చి, "నేను ముందే అన్నాను, షాద్లీ మామ అలాంటివాడు కాదని" అంది, కొంచెం కూడా తడబడకుండా. కానీ అనుమానం పెనుభూతం. ఒకసారి పట్టుకుంటే ఊరికే వదలదు. మిగిలిన రంజాన్ అంతా నాన్న అజాన్ ఇచ్చాక కూడా మా వీధిలో చెంచా చప్పుడయ్యేది కాదు. పెద్ద మసీదు అజాన్ వినపడ్డాకే ఖర్జూరాలు నోట్లోకి వెళ్ళేవి. నిజం చెప్పొద్దూ, గడియారం బాగుచేసిన నేను కూడా కింద చెయ్యి దాచి ఫోను చూసుకునేదాన్ని.

నేనొక పొరపాటు చేశాను. బోర్డు కడిగిన గుడ్డను సంచిలో ఇంటికి తెచ్చి, ఉతికే బట్టల్లో పడేశాను. మర్నాడు పెరట్లో అమ్మ ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. నన్ను చూసి నీళ్ళలో ముంచేసింది. సాయంత్రం చూస్తే పూలనీళ్ళ సీసా ఖాళీగా, బోర్లించి ఉంది.

పండగ వెళ్ళింది. చెడిన రోజు కోసం వీధంతా ఒక రోజు ఉపవాసం ఉండి తీర్చుకుంది. అమ్మ రెండో రోజూ ఉంది. పండగ తర్వాత ఆరు రోజులు ఉండటం చాలామందికి అలవాటే, ఎవరూ పట్టించుకోలేదు. ఏడో రోజూ ఉంది. పదో రోజూ ఉంది. జూలై ఎండలో మనిషి ఎండుకట్టెలా అయిపోయింది.

"ఎందుకమ్మా ఇన్ని?" అన్నాను.

"ఉండాలనిపించింది" అంది.

ఇరవయ్యో రోజు దాటాక నాకు వెలిగింది. మా వీధిలో ఇళ్ళు ఇరవై ఏడు. ఇంటికో రోజు. నాన్నకు కూడా తెలిసినట్టే ఉంది. ఆ రోజుల్లో పగటిపూట ఆవిడ ఎదుట ఆయన మంచినీళ్ళు కూడా తాగలేదు, వంటింటి తలుపు చాటుకెళ్ళి తాగేవాడు.

ఇరవై ఏడో రోజు సాయంత్రం అమ్మ ఎదుట పళ్ళెంలో ఖర్జూరాలు పెట్టాను. నాన్న మసీదుకు బయల్దేరుతూ వంగి, ఆ పళ్ళెంలోంచి రెండు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

అమ్మ తలెత్తింది. పొద్దుట్నుంచి ఆయన వంటింటి వైపు వెళ్ళలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"ఏమయ్యా! నీకు షుగరు."

"తెలుసు."

"కళ్ళు తిరిగి పడిపోతే?"

"ఒక్క రోజుకు పడిపోనులే. మన ఇల్లూ ఆ ఇరవై ఏడులోదే కదా! మన ఇంటి రోజు ఇద్దరం పంచుకుందాం."

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక ఖర్జూరం తీసి చేతిలో పట్టుకుంది. నేను అలవాటు కొద్దీ ఫోను పైకి తీశాను.

"దాన్ని అవతల పెట్టవే" అంది.

మైకు గరగరలాడింది. నాన్న గొంతు కొంచెం నీరసంగా లేచింది. పెద్ద మసీదు ఇంకా మొదలుపెట్టలేదు. మొదటి మాట పూర్తయ్యీ కాకముందే అమ్మ ఖర్జూరం నోట్లో వేసుకుంది.